ధాత కరువులో పని చూపిన క్లౌ దొర

ఒంగోలు: మత ప్రచారం కోసం వచ్చిన వ్యక్తి పదిహేను నెలల పాటు ఎవరికీ తన మతాన్ని ఇవ్వనని భీష్మించుకొని కూర్చోవడం అరుదైన విషయం. ఒంగోలు చరిత్రలో అటువంటి ఘట్టం ఒకటుంది. 1876-78 సంవత్సరాల మధ్య దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన ధాత కరువులో వేలాది మంది నిరుపేదలకు పని చూపి, కూలి ఇచ్చి, ప్రాణాలు నిలిపిన అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఆ ఘట్టానికి నాయకుడు. అన్నం కోసం వచ్చిన వారిని విశ్వాసం కోసం వచ్చిన వారిగా లెక్కించరాదన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ నియమాన్ని ఆయన ఎలా పాటించారు, దాని పర్యవసానం ఏమైందన్నదే ఆయన జీవితంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం.

సర్వే గొలుసు నుంచి సముద్రయానం దాకా

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ సమీపంలో జన్మించారు. కుటుంబం పడమటి ప్రాంతాలకు తరలిపోవడంతో ఆయన బాల్యం ఇల్లినాయిస్, అయోవా రాష్ట్రాల్లో వ్యవసాయం మధ్య గడిచింది. యుక్తవయస్సులో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూమి సర్వే బృందంలో చేరి గొలుసు పట్టారు. కొలతలు, మట్టి పనులు, మనుషులతో పని చేయించడం అక్కడే నేర్చుకున్నారు. రెండు దశాబ్దాల తరువాత ఒంగోలు తీరంలో కాలువ తవ్వించే నాడు ఆ చదువే అక్కరకు వచ్చింది.

న్యాయవాది కావాలన్నది ఆయన మొదటి కోరిక. అయోవాలోని బర్లింగ్టన్‌లో బాప్టిస్టు విద్యాలయంలో చేరే నాటికి ఆయనకు మతం మీద ఆసక్తి లేదు. అక్కడి వాతావరణమే ఆయన మనసును మార్చింది. 1861లో హారియెట్ సండర్లాండ్‌ను వివాహమాడారు. విదేశాలకు మిషనరీగా వెళ్లాలని నిశ్చయించుకున్న నాటికి అమెరికాలో అంతర్యుద్ధం సాగుతోంది. 1864 నవంబరు 30న బోస్టన్ రేవులో జేమ్స్ గుత్రీ అనే చిన్న ఓడ ఎక్కారు. సూయజ్ కాలువ ఇంకా తెరవని రోజులవి. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వచ్చే ఆ ప్రయాణానికి నాలుగు నెలలు దాటింది. 1865 ఏప్రిల్‌లో ఆయన మద్రాసులో దిగి, అక్కడి నుంచి నెల్లూరు చేరుకున్నారు.

మూతపడవలసిన మిషన్

క్లౌ వచ్చి చేరిన తెలుగు మిషన్ పరిస్థితి అంతంత మాత్రం. శామ్యూల్ డే 1836లో ప్రారంభించిన ఈ మిషన్ 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా నడిచింది. పాతికేళ్ల శ్రమకు దక్కిన ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టదగినంత. దీన్ని మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి మూడుసార్లు చర్చకు వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలోనూ ఇదే చర్చ సాగింది. దేశపటం మీద ఒంటరి చుక్కలా కనిపించిన నెల్లూరును ఉద్దేశించి శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ సందర్భంలోనే ఒక గేయం రాశారు. నాటి నుంచి దీనికి ఒంటరి నక్షత్రం మిషన్ అనే పేరు స్థిరపడింది.

ఆ మరుసటి ఏడాది, 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు భారతీయ క్రైస్తవులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. కింద పరుచుకున్న పల్లెలకు ఒక మిషనరీ కావాలన్నది వారి కోరిక. ఒంగోలులో ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు అలా వచ్చింది. పన్నెండేళ్లకు, 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లాలో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

తోళ్ల వ్యాపారి తెచ్చిన మలుపు

క్లౌ ఖ్యాతికి మూలపురుషుడు ఒక తెలుగువాడు. ఆయనే ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం చేసేవారు. యోగ సాధన చేసే గురువుల వద్ద ఉపదేశం పొంది, తన వారిలో సాధకుడిగా గౌరవం సంపాదించిన వ్యక్తి. వ్యాపారం మీద ఉత్తరాదిన ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విని, దాని పట్ల ఆకర్షితులయ్యారు. 1866లో భార్య నాగమ్మతో కలిసి జ్ఞానస్నానం తీసుకున్నారు. ఊరికి తిరిగివెళ్లి బంధువులకు, పరిచయస్థులకు తాను విన్నది చెప్పడం మొదలుపెట్టారు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి చింతతోపులో వేచి ఉన్నారు. కొద్దిరోజుల బోధ అనంతరం 28 మంది జ్ఞానస్నానం పొందారు.

పేరయ్య చదువుకున్న పండితుడు కాడు. అయినా పల్లె పల్లెకు కాలినడకన తిరిగి, మాదిగపల్లెల్లోని పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడే నేర్పు ఆయనకుంది. తోళ్ల వ్యాపారంలో ఏర్పడిన పరిచయాలు, వియ్యపు బంధుత్వాలు ఆయనకు దారులు పరిచాయి. క్లౌ నిర్మించిన యావత్తు వ్యవస్థ ఈ దారుల మీదే నడిచింది.

పల్లెలోని మాదిగల బతుకు అప్పట్లో ఊరి వ్యవసాయంతో ముడిపడి ఉండేది. చెప్పులు కుట్టడం, మోట బావులకు తోలు బానలు కట్టడం, ఎడ్లకు తోలు వార్లు అందించడం, జాతరల్లో డప్పు కొట్టడం వారి వంతు. పంట నూర్చే వేళ కళ్లంలో కొలిచి ఇచ్చే మేరలే వారికి ఏడాది గ్రాసం. క్రైస్తవులైన వారికి మిషన్ మూడు షరతులు పెట్టింది. ఆదివారం పనికి వెళ్లరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. ఈ మూడూ చూడటానికి చిన్నవే అయినా ఊరి కట్టుబాటు మొత్తాన్ని కదిలించాయి. ఆదివారం పని మానితే రైతుకు కోపం. జాతరకు డప్పు కొట్టకపోతే ఊరంతటికీ కోపం. ఫలితంగా అనేక చోట్ల నీటి దారులు మూసుకుపోయాయి, కూలి పనులు ఆగిపోయాయి, కేసులు బనాయించారు. న్యాయశాస్త్రం చదవాలనుకున్న క్లౌ ఇక్కడ అధికారుల చుట్టూ, కచేరీల చుట్టూ తిరిగి తన వారి తరఫున నిలబడవలసి వచ్చింది.

తొలి పరీక్ష

ఒంగోలు వచ్చిన కొత్తలోనే క్లౌకు ఒక గట్టి పరీక్ష ఎదురైంది. పట్టణంలోని బ్రాహ్మణులు, ఇతర అగ్రవర్ణాల పెద్దలు ఆయన పట్ల సుముఖంగా ఉండేవారు. తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పించమని కోరి, పాఠశాలకు తోడ్పడ్డారు. పలుకుబడి గల వర్గాలు ముందు చేరితే మిగిలిన వారు వెంట నడుస్తారన్న ఆలోచన ఆనాటి మిషనరీలు చాలా మందిలో ఉండేది. ఈలోగా మాదిగలు గుంపులుగా రావడం మొదలైంది. వారిని చేర్చుకుంటే తమ పిల్లలను మాన్పిస్తామని పట్టణ పెద్దలు స్పష్టం చేశారు.

ఎటు తేల్చుకోవాలో తెలియని ఆ సమయంలో క్లౌ తన గదిలో బైబిలు తెరవగా, దేవుడు లోకంలోని బలహీనులను, తృణీకరింపబడిన వారిని ఎన్నుకుంటాడని చెప్పే అధ్యాయం కనిపించింది. పక్క గదిలో ఉన్న హారియెట్ కూడా అదే వేళకు అదే భాగం చదువుతున్నారని తెలిసి ఆయన ఆశ్చర్యపోయారు. దాన్ని దైవనిర్ణయంగా స్వీకరించి పేదల పక్షం వహించారు. అగ్రవర్ణాల పిల్లలు బడి మానేశారు. పట్టణంలో పలుకుబడి తగ్గినా, పల్లెల్లో ఆయన వైపు నడిచే వారి సంఖ్య ఏటికేడాది పెరిగింది.

వానలు మొహం చాటేసిన వేళ

1876లో వానలు కురవలేదు. తెలుగు సంవత్సరాల లెక్కలో అది ధాత నామ సంవత్సరం. మరుసటి ఏడాది కూడా నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి. మద్రాసు రాజధాని జిల్లాలు, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలు కరువు కోరల్లో చిక్కుకున్నాయి. దక్షిణాదిన యాభై లక్షల మందికి పైగా మరణించి ఉంటారన్నది చరిత్రకారుల అంచనా. 1832-33 నాటి నందన కరువు, అంటే డొక్కల కరువు జ్ఞాపకాలు అప్పటికి ముసలివారిలో ఇంకా మిగిలే ఉన్నాయి. ధాత కరువు దాన్ని మించిపోయింది.

కరువు అందరికీ వచ్చినా దెబ్బ అందరికీ ఒకేలా తగలలేదు. రైతు ఇంట గాదె అడుగున నాలుగు గింజలైనా మిగులుతాయి. కళ్లంలో మేరల మీద బతికే వారికి పంట లేకపోతే ఏమీ లేదు. పశువులు చచ్చి, వ్యవసాయం ఆగి, తోలు పనీ పోయింది. మాదిగపల్లెలు ముందుగా ఖాళీ అయ్యాయి. ఆకులు, గడ్డి గింజలు, దుంపలు ఏరుకు తినే దశకు జనం చేరుకున్నారు.

ప్రభుత్వం కరువు పనులు ప్రారంభించింది. మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు హయాంలో తీరం వెంట సాగే నౌకా కాలువ తవ్వకం ఆ పనుల్లో ప్రధానమైంది. ఆయన పేరే ఆ కాలువకు స్థిరపడింది. అయితే ఖర్చు తగ్గించే బాధ్యతతో వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో కూలి రేటును కోసివేశారు. కష్టపడి మట్టి మోసే వ్యక్తికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై స్వల్ప మొత్తం చాలునన్నది టెంపుల్ లెక్క. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఈ కోతను గట్టిగా వ్యతిరేకించారు. ఆ తిండితో మనిషి పని చేయలేడని వాదించారు. టెంపుల్ కూలి పేరిట ఈ వివాదం చరిత్రలో నిలిచిపోయింది.

మూడున్నర మైళ్ల కాలువ

కాలువ పనుల్లో మాదిగలకు మరో కష్టం తోడైంది. పైన పని చేయించే మేస్త్రీలు, కంట్రాక్టర్ల మనుషులు అగ్రవర్ణాల వారు. తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు నిత్యకృత్యం. ఈ సంగతులు బోధకుల ద్వారా క్లౌ చెవిన పడ్డాయి. కాలువలో కొంత భాగాన్ని తానే కంట్రాక్టు తీసుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడే పుట్టింది. అధికారులను కలిసి సుమారు మూడున్నర మైళ్ల నిడివి తవ్వకాన్ని ఆయన ఒప్పుకున్నారు.

ఒంగోలుకు పది మైళ్ల దూరంలోని రాజుపాలెం వద్ద శిబిరం వెలిసింది. తాటాకు గుడిసెలు వేయించారు. తాగునీటికి బావులు తవ్వించారు. పలుగులు, పారలు, గంపలు తెప్పించారు. సర్వే బృందంలో నేర్చిన కొలతల పరిజ్ఞానంతో క్లౌ స్వయంగా పనిని భాగాలుగా విడగొట్టారు. తన వద్ద ఉన్న ముప్పై మంది దాకా తెలుగు బోధకులనే పర్యవేక్షకులుగా నియమించి, ఒక్కొక్కరికి సుమారు నూరుమంది చొప్పున అప్పగించారు. పురుషులు మట్టి తవ్వితే స్త్రీలు గంపలకెత్తి గట్టు మీద పోశారు. ఒకేసారి మూడు వేల మంది దాకా పనిలో ఉండేవారు. ఒక జట్టు కాస్త కోలుకొని ఇంటికి వెళితే మరొక జట్టు వచ్చి చేరేది. మాదిగలతో పాటు మాలలు, ఇతర కులాల వారూ వచ్చారు. చేసిన పనికి కూలి చేతికి అందింది.

శిబిరంలో పరిస్థితి సుఖంగా ఉన్నదని చెప్పలేం. ఎముకల గూళ్లలా వచ్చిన వారు తొలిరోజుల్లో పార ఎత్తలేకపోయేవారు. కలరా సోకి పలువురు కన్నుమూశారు. అయినప్పటికీ పని ఆగలేదు. ఒప్పుకున్న మేరకు కాలువ పూర్తయింది.

ఇక్కడ ఒక అంశాన్ని దాటవేయరాదు. పర్యవేక్షకులు బోధకులే కాబట్టి, మధ్యాహ్న విశ్రాంతి వేళల్లో గట్టు మీద కూర్చున్న కూలీలకు వారు తమ మతాన్ని గురించి చెప్పేవారు. శ్రమపడి భారం మోసే వారికి విశ్రాంతి దొరుకుతుందన్న క్రీస్తు మాట ఆ కూలీల మనసులకు హత్తుకున్నది. వివిధ ప్రాంతాల నుంచి వచ్చిన వారు ఇళ్లకు వెళ్లి ఆ మాటలను తమ పల్లెల్లో చెప్పుకున్నారు. అంటే బోధ ఆగలేదు. ఆగింది చేర్చుకోవడం మాత్రమే.

పదిహేను నెలల నిరీక్షణ

1877 మార్చి నుంచి ఎవరికీ జ్ఞానస్నానం ఇవ్వరాదని క్లౌ నిర్ణయించారు. పనికి, తిండికి తాను ఆధారమైన వేళ వచ్చి చేరేవారిలో ఎవరు ఆకలితో వచ్చారో, ఎవరు నమ్మకంతో వచ్చారో తేల్చడం అసాధ్యమని ఆయన గ్రహించారు. కరువు క్రైస్తవులన్న నింద తన మిషన్‌కు తగలరాదన్నది ఒక కారణం. ఆకలిగొన్న మనిషి వద్ద మాట తీసుకోవడం న్యాయం కాదన్నది మరొక కారణం. పల్లెలకు పల్లెలు తమను చేర్చుకోమని మనుషులను పంపినా ఆయన తిప్పి పంపారు.

ఈలోగా లండన్ మేయర్ ఆధ్వర్యంలో మాన్షన్ హౌస్ నిధి పేరిట విరాళాలు పోగయ్యాయి. ఒంగోలు ప్రాంతంలో ఆ సొమ్ము పంపిణీ బాధ్యత క్లౌ కూడా వహించారు. 1878లో వానలు పడే సూచనలు కనిపించాక, దున్నుకొని విత్తుకునే శక్తి లేని రైతులకు విత్తనాల కోసం సాయం అందింది. కులమతాల తేడా లేకుండా ఈ సాయం జరిగింది.

1878 జూన్ నాటికి సహాయ పంపిణీ ముగింపుకు వచ్చింది. ఒంగోలు పట్టణానికి జనాన్ని పిలిస్తే అంటురోగం వ్యాపిస్తుందన్న భయంతో, ఉత్తరాన పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద సమావేశం ఏర్పాటు చేశారు. వేల సంఖ్యలో జనం తరలివచ్చారు. ఇక పంచడానికి సొమ్ము లేదని, ఇళ్లకు వెళ్లిపోవలసిందని క్లౌ వారికి తెలియజేశారు. తమకు సొమ్ము అక్కరలేదని, కష్టం చేసుకొని బతకగలమని, చనిపోయేలోగా క్రైస్తవులుగా చేర్చుకుంటే చాలునని వారు బదులిచ్చారు. సహాయం ఆగిపోయాక కూడా కదలని ఆ జనాన్ని చూశాకనే ఆయన తన నియమాన్ని సడలించారు.

గుండ్లకమ్మ ఒడ్డున మూడు రోజులు

ముందుగా బోధకులు తమ తమ ప్రాంతాల వారిని పల్లెల వారీగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ ప్రశ్నించి, పేర్లు రాసుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది జ్ఞానస్నానం పొందారు. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. వారిలో ఒక్కరికి కూడా క్లౌ స్వయంగా జ్ఞానస్నానం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఒకసారికి ఇద్దరు చొప్పున నీటిలో దిగి ఆ కార్యం జరిపించారు. జూలై 3న ఉదయం ఆరు గంటలకు మొదలై, ఎండ ముదిరాక కొన్ని గంటలు ఆగి, సాయంత్రం దాకా సాగింది. ఆ ఏడాది చివరి నాటికి కొత్తగా చేరిన వారి సంఖ్య 9,606కు చేరింది. పదకొండేళ్ల కిందట ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘం సభ్యుల సంఖ్య పన్నెండు వేలు దాటింది.

ఈ వార్త అమెరికాలో సంచలనం కలిగించింది. ఒంటరి నక్షత్రాన్ని ఆర్పివేద్దామన్న వారే నిధులు పంపారు. అదే సమయంలో విమర్శలూ వచ్చాయి. కరువులో బియ్యం చూపి జనాన్ని మార్చారని కొందరు, ఇంత పెద్ద సంఖ్యలో వచ్చిన వారికి మత జ్ఞానం ఏముంటుందని మరికొందరు ఆక్షేపించారు. క్లౌ ఇచ్చిన సమాధానం ఆ పదిహేను నెలల విరామమే. కరువు తీరాక ఆ జనంలో అత్యధికులు వెనుదిరిగి పోకపోవడాన్ని ఆయన అనుకూలురు సాక్ష్యంగా చూపించారు. ఆకలి వేళ అందిన ఆదరణే వారి మనసులను తిప్పిందన్న మాటలో కూడా నిజం లేకపోలేదు. తమను మనుషులుగా చూసి, తిట్టకుండా పని చెప్పి, లెక్క తప్పకుండా కూలి చేతిలో పెట్టిన వారి మాట వినాలని ఆ కూలీలకు అనిపించడం సహజం. తరతరాలుగా వెలి బతుకు బతికిన వారికి అదొక గౌరవం.

బడులు, బోధకులు, పంచాయతీలు

ఆ తరువాతి కాలమంతా వచ్చిన వారిని నిలబెట్టే పనికే క్లౌ వెచ్చించారు. పల్లెల్లో చిన్న చిన్న బడులు వెలిశాయి. రామాపట్నంలో అప్పటికే నడుస్తున్న వేదపాఠశాలకు ఒంగోలు ప్రాంతపు యువకులు పెద్ద సంఖ్యలో వెళ్లారు. ఒంగోలులో బాలబాలికలకు వసతి పాఠశాలలు, ఉపాధ్యాయ శిక్షణ, ఉన్నత పాఠశాల ఏర్పడ్డాయి. అక్షరం ముట్టరాదన్న కట్టుబాటులో పుట్టిన పిల్లలు ఒక తరం తిరిగేసరికి ఉపాధ్యాయులుగా పల్లెలకు వెళ్లారు. కరువులో అందిన కూలి కొన్ని నెలలకు ఖర్చయిపోయినా, ఈ చదువు మాత్రం తరాల పాటు ఆ కుటుంబాలకు అండగా నిలిచింది.

1890 డిసెంబరు 28న ఒంగోలులో మరో 1,671 మంది ఒకే రోజున జ్ఞానస్నానం పొందారు. పెరిగిన బాధ్యతను మోయడానికి పాతిక మంది మిషనరీలు, 50 వేల డాలర్లు కావాలని స్వదేశం వెళ్లి అడిగి ఆయన సాధించారు. 1893లో హారియెట్ మరణించారు. మరుసటి ఏడాది, తెలుగు మిషన్‌లోనే పని చేసిన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను ఆయన వివాహం చేసుకున్నారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన విదుషీమణి ఆమె. మాదిగ బోధకుల జీవితకథలను వారి నోటనే విని, 1899లో ఇంగ్లీషు పుస్తకంగా వెలువరించారు. పేరయ్య వంటి వారి చరిత్ర నేటికి మిగిలిందంటే ఆ గ్రంథం కూడా ఒక కారణం.

వయసు మీరిన కొద్దీ క్లౌ ఆలోచనలు మరింత పదునెక్కాయి. అమెరికా చర్చి పద్ధతులను యథాతథంగా తెచ్చి పల్లెలపై రుద్దడం సరికాదని ఆయన భావించారు. మాదిగపల్లెల్లో తరతరాలుగా ఉన్న పెద్దల పంచాయతీయే అక్కడి సంఘానికి సహజమైన పునాది అని ఆయన గుర్తించారు. పల్లెవాసులు కలిసి వచ్చారు కాబట్టి కలిసే నడవాలన్నది ఆయన అభిప్రాయం. ఇందులో తోటి మిషనరీలతో భేదాభిప్రాయాలు తప్పలేదు. ఈ అనుభవాలన్నీ ఆయన చెప్పగా ఎమ్మా రాసిన ఆత్మకథ ఆయన మరణానంతరం 1914లో వెలువడింది.

నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగు నేలతో అనుబంధం పెంచుకున్న క్లౌ 1910 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో కన్నుమూశారు. అనంతర కాలంలో ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలిసింది. ప్రార్థన కొండ కథ చెప్పే జూయెట్ పేరిట పట్టణంలో ప్రార్థనాలయం నిలిచింది.

మిగిలిన కాలువ

కరువు కూలీలు తవ్విన బకింగ్‌హాం కాలువ దశాబ్దాల పాటు తీరాంధ్రకు రాజబాట. ఉప్పు, ధాన్యం, కట్టెలు, ప్రయాణికులతో పడవలు మద్రాసు దాకా నడిచాయి. రైలు, రోడ్డు పెరిగాక, తుపానుల తాకిడికి గట్లు తెగాక రవాణా సన్నగిల్లింది. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు ఆ కాలువే పలుచోట్ల నీటి ఉధృతిని తనలో ఇముడ్చుకొని లోపలి పల్లెలను కాపాడింది. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో బకింగ్‌హాం కాలువ కూడా భాగమైంది. అందులో ఒక మూడున్నర మైళ్లు రాజుపాలెం శిబిరంలో తలదాచుకున్న కూలీల చెమటతో తవ్వినది. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

సేవ పేరిట పేదల వాడకు వెళ్లే వారికి క్లౌ జీవితం ఒక గట్టి ప్రశ్న వేస్తుంది. ఇచ్చే చేయి బదులుగా ఏదైనా అడుగుతోందా అన్నదే ఆ ప్రశ్న. ఆయన దానికి పూర్తిగా మచ్చలేని సమాధానం ఇచ్చారని చెప్పలేకపోయినా, ప్రశ్న ఉన్నదని గుర్తించారు. పని ముందు చూపారు, కూలి ముందు ఇచ్చారు, మిగిలినది ఆకలి తీరిన తరువాత మాట్లాడుకుందామన్నారు. మతప్రచారకుడిగా ఆయనను ఒప్పుకోని వారు కూడా ధాత కరువులో ఆయన చేసిన ఆ పనిని కాదనలేరు.